మరదలిని అడగమన్న మాట

అది కాదు నేస్తం, ముందు ఆ సిరా డబ్బా కాస్త అవతల పెట్టండి. కాగితం ఎక్కడికీ పారిపోదు. ఆ ఆఫీసు మనిషి శుక్రవారం సంతనాడు గాని రానన్నాడు కదా. ఒక్క గడియ నా మాట వినండి. విన్న తరువాత మీ ఇష్టం, మీ వేలు, మీ ముద్ర.

చదివి వినిపించాడా మీకు? పూర్తిగా వినిపించాడా? ఏదీ, ఇలా ఇవ్వండి. నా కళ్ళజోడు... ఆఁ, జేబులోనే ఉంది.

"నర్సు ఈశ్వరమ్మ రోగిని ఏమీ అడగకుండానే అడిగినట్టు కేసు షీటులో తప్పు రాసి ఇంటికి పంపినందువల్ల, మా తమ్ముడు సుక్రు భార్యకు..." ఇక్కడ మరదలి పేరు రాశాడు, అది నేను పలకను. "...ప్రాణాపాయం కలిగినది. కావున సదరు నర్సును ఉద్యోగము నుండి తొలగించవలసినదిగా, ఇట్లు, సోంబరు, ఇంటి పెద్ద."

బాగానే రాశాడు. ముప్ఫై నాలుగేళ్ళు మిషను స్కూల్లో పిల్లల డిక్టేషన్లు దిద్దినవాణ్ణి, తప్పు వెతకడం నాకు అలవాటు. అక్షరం తప్పు ఒక్కటీ లేదు ఇందులో. కానీ ఈశ్వరమ్మ పేరు ఇందులో ఉండకూడదు నేస్తం. ఆ సంగతి చెప్పడానికే ఈ మోకాళ్ళతో, ఈ పొగమంచులో, కాఫీ తోటల గుండా మీ గూడేనికి ఎక్కి వచ్చాను.

మీరు ముద్ర వేస్తే ఏమవుతుందో ఆలోచించారా? వారం తిరగకుండా ఆమెను తీసేస్తారు. తీసేస్తే, మరదలి పొట్ట మీద ఆ సంచి ఎవరు మారుస్తారు? రోజు విడిచి రోజు లోయలోంచి గెడ్డ నీళ్ళు దాటి వచ్చేది ఎవరు? పేగు బయటికి తెచ్చిన చోట చర్మం ఎలా ఒరుసుకుపోయిందో, దానికి ఎంత ఓపిగ్గా జింకు ముద్ద రాస్తోందో మీరు చూడలేదు. మీరూ చూడకూడదు, నేనూ చూడకూడదు. సుక్రు చూశాడు. చేద్దామని కూర్చున్నాడట ఒకనాడు, సంచి మీద చెయ్యి వెయ్యకుండానే లేచి బయటికి వచ్చేశాడట. గొడ్డలి పట్టే చేతులు!

కొత్త నర్సు వస్తుందంటారా? కిందటి మాటు ఆ ఉద్యోగం ఖాళీ పడితే రెండేళ్ళు ఎవరూ రాలేదు. మీకు గుర్తు లేదూ?

ఏమన్నారు? చేసిన పాపం కడుక్కోవడానికే వస్తోందంటారా?

ఊఁ. అలా కనిపించడం సహజమే.

మొదటినుంచి చెబుతాను, ఉండండి. మీకు సగం తెలుసు. ఆ తెలిసిన సగమే మిమ్మల్ని ఈ కాగితం దాకా తెచ్చింది.

కిందటి వేసవిలో కదా మరదలికి ఆ నొప్పి మొదలైంది. కుడి డొక్క పట్టుకుని చేలో కూలబడిపోయేదని మీరే చెప్పారు. మందువేళ్ళు అరగదీసి పోశారు, కోడిని కోశారు. నేనే తీసుకెళ్ళి పొట్ట ఫొటో తీయించాను. పసరుతిత్తిలో రాళ్ళున్నాయన్నారు. ఆ తరువాత వానాకాలంలో మన మిషను ఆసుపత్రికి విశాఖ నుంచి సర్జను గారు క్యాంపుకు వస్తున్నారని తెలిసింది. పొట్ట కొయ్యకుండా చేస్తారని, కొత్త యంత్రం అని.

ఇదే వాకిట్లో, ఇదిగో ఈ బండ మీదే కూర్చుని నేను మీకు నచ్చజెప్పలేదూ? మీరు ఒప్పుకోలేదు. పొట్ట తెరిచిన మనిషి మళ్ళీ పొలంలో వంగదన్నారు. కోత లేదు నేస్తం, నాలుగు చిల్లులు, అంతే, అన్నాను. పెన్సిలు పట్టేంత చిల్లులు. ముందు పొట్టలోకి గాలి ఊదుతారు, ఫుట్‌బాలు లోపలి బ్లాడరు ఉబ్బినట్టు ఉబ్బుతుంది, అప్పుడు లోపలంతా విశాలంగా కనిపిస్తుంది, గొట్టం చివర దీపం పెట్టి చూస్తారు, అని వేళ్ళతో చూపించాను. సుక్రు ఏమన్నాడో గుర్తుందా? "అంత గాలి ఊదితే మరి అది ఎగిరిపోదా మాస్టారూ, తాడు కట్టీమంతారా?" అన్నాడు. మీరు కూడా నవ్వారు. ఆ నవ్వు చూసి, ఇక ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

నామీద నమ్మకంతో పంపారు. అవును. కాదనను.

ఆమె పుట్టిల్లు ఒరియా కొండల్లో. తెలుగు రెండు ముక్కలు కూడా రావు. డాక్టరు గారికి ఒరియా రాదు. ఈశ్వరమ్మది పాచిపెంట వైపు, ఆమెకూ రాదు. నాకు వచ్చు. అందుకని నన్ను పిలిచారు. క్యాంపు మొదటిరోజు డాక్టరు గారు నా చెయ్యి కలిపి, "మాస్టారూ, మా ఆడ పేషెంట్లతో అన్ని సంగతులూ మాట్లాడగలరా, మొహమాటాలేమీ ఉండవు కదా?" అన్నారు. నేనేమన్నానో తెలుసా? "ఈ కొండల్లో నేను అడగలేని మాట లేదు, డాక్టరు గారూ." ఇంగ్లీషులో అన్నాను. నా ఇంగ్లీషు బాగుందని కూడా అన్నాడాయన.

అప్పటికి మరదలి వంతు రాలేదు. తోటవైపు ఊళ్ళ ఆడవాళ్ళు నలుగురు. వాళ్ళతో నాకేం? పరాయివాళ్ళు, మాట్లాడాను. మరదలి వంతు వచ్చేసరికి కదా, నా నోటికి తాళం పడింది.

మీకు నేను చెప్పాలా? పద్దెనిమిదేళ్ళ కిందట మీరూ నేనూ నేస్తం కట్టాం. ఒకే ఆనపకాయ బుర్రలో చోడి అంబలి తాగాం. మా పాదిరిగారు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. అయినా కట్టాను. ఆరోజు మీ నాయన నా తలమీద చెయ్యి వేసి, ఇక నువ్వు మా ఇంటి పెద్దకొడుకులో సగం, అన్నాడు. మీ ఆచారమంతా నాకు అప్పజెప్పాడు. తమ్ముడి పెళ్ళాం ఎదురుగా నిలబడకూడదు. ఆమె పేరు పలకకూడదు. ఆమె కూర్చున్న చాప తొక్కకూడదు. నేరుగా మాట అడగకూడదు, ఆమె నోటి మాట వినకూడదు.

మా చర్చిలో నన్ను ఎడ్విన్ మాస్టారంటారు, కింద బజారులో రిటైరైన హెడ్మాస్టరంటారు. కానీ ఒక ఇంట్లో ఒక ఆడమనిషి నన్ను చూసి ముసుగు సర్దుకుని పక్కకు తొలగిందంటే, అది నన్ను బావగా ఒప్పుకున్నట్టు కదా. పుట్టినవాళ్ళకు అది మామూలే. నాకు మామూలు కాదు నేస్తం. మీకన్నా ఎక్కువ నిష్ఠగా పాటించాను. మీరైనా అప్పుడప్పుడు మరచిపోతారు. నేను మరచిపోలేదు.

అందుకని వరమ్మను పెట్టుకున్నాను. మా చర్చి వరమ్మ, ముసలావిడ, ఆవిడకూ ఒరియా వచ్చు. నేను ఆడవార్డు గుమ్మంలో బయటికి మొహం పెట్టి నిలబడేవాణ్ణి. డాక్టరు గారు అడిగేవారు, నేను వరమ్మకు చెప్పేవాణ్ణి, వరమ్మ మరదలిని అడిగి నాకు చెప్పేది, నేను డాక్టరు గారికి చెప్పేవాణ్ణి. డాక్టరు గారు మొదట నవ్వుకున్నారు. టపా బాగానే నడుస్తోంది మాస్టారూ, అన్నారు.

నడిచింది, సోమ మంగళ వారాలు. సోమవారం ఆపరేషను. మంగళవారం భుజం నొప్పి అంది. పొట్టకు చేస్తే భుజం నొప్పేమిటని వరమ్మ కంగారుపడింది. అది ఊదిన గాలి వల్ల వచ్చే నొప్పి, అందరికీ వస్తుంది, తగ్గిపోతుందన్నారు డాక్టరు గారు. నిజంగానే తక్కిన ఆడవాళ్ళకు తగ్గిపోయింది.

ఇక బుధవారం.

బుధవారం డాక్టరు గారు వెళ్ళిపోవాలి. అనంతగిరి దగ్గర ఘాట్ రోడ్డు మీద కొండచరియ జారిందని, సాయంత్రానికి దారి మూసేస్తారని కబురు వచ్చింది. అందరినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చారు. అడగవలసింది అడిగారు, రాయవలసింది రాయించారు, ఇంటికి పంపమన్నారు. మరదలిని కూడా పంపమన్నారు. సుక్రు జీపు మాట్లాడుకొచ్చాడు. మీ ఇంటికి వచ్చేసింది. చోడి అంబలి తాగింది. గురువారం వాంతులు. శుక్రవారానికి పొట్ట ఉబ్బి చెయ్యి వెయ్యనీయలేదు. శనివారం పొద్దున మీరు నాకు కబురు పంపారు. ఆ మోసుకురావడం, ఆ పరుగు మీకు తెలిసిందే. రోడ్డు మూసేశారు కనక రైలే దిక్కయింది. స్టేషను దాకా మీరు వచ్చారు. కిరండూల్ పాసింజరు ఎక్కించి మీరు దిగిపోయారు. నేనూ సుక్రూ వెళ్ళాం.

విశాఖ పెద్దాసుపత్రిలో పొట్ట తెరిచారు. ఈసారి నిలువునా. చిన్నపేగుకు చిల్లు పడిందట, గొట్టం దింపేటప్పుడు. లోపలంతా కుళ్ళిపోయింది. కుళ్ళినంత కోసేసి, మిగిలిన పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. అక్కడ సంచి కట్టారు. నలభై రోజులు మంచం మీద ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. చేతిగాజులు మోచేతి దాకా జారిపోతున్నాయని ఈశ్వరమ్మ చెప్పింది.

సుక్రు ఆ వార్డు బయట నన్ను అడిగిన మాట మీతో ఇప్పటిదాకా అనలేదు. "మాస్టారూ, నాలుగు సిల్లులన్నారు గదా. అయిదోది ఎవులు పెట్టినారు?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. పిల్లవాడు లెక్క తప్పితే మాస్టారిని అడిగినట్టు అడిగాడు.

జవాబు నా దగ్గరే ఉంది. చెప్పలేదు.

సర్జను గారు పరుగున వచ్చారు. మంచివాడు. మొహం తెల్లబోయి ఉంది. ఇలాంటి చిల్లు వేలమందిలో ఒకరికో ఇద్దరికో పడుతుంది, పడిందని ఆ క్షణాన కంటికి కనిపించదు, మూడోనాటికి తెలుస్తుంది, తెలిస్తే చిన్న కుట్టుతో పోతుంది, అన్నారు. మాకు తెలిసే దారి ఒక్కటే మాస్టారూ, పొట్టలో గాలి కిందికి పోతోందా లేదా అన్నది. పోయిందంటే పేగు పని చేస్తున్నట్టు. పోలేదంటే నా జీపులో వేసుకుని తీసుకొచ్చేసేవాణ్ణి, పది రోజుల్లో ఇంటికి పోయేది, అన్నారు. షీటు తీసి చూపించారు. ఈశ్వరమ్మ చేతిరాత. 'గ్యాస్ పాసయినది. ఆహారము ఇవ్వవచ్చును. డిశ్చార్జి.' కింద ఆమె సంతకం.

ఆ షీటే ఆఫీసుకు వెళ్ళింది. ఆమె అడగకుండానే రాసిందని వాళ్ళు తేల్చుకున్నారు, ఆ షీటులోంచే ఈ కాగితం పుట్టింది.

అదే కదా మీరనేది? అడగకుండా రాసింది కదా అంటున్నారు. అటూ ఇటూ తిప్పకు, ఈశ్వరమ్మ అడిగిందా లేదా, అది చెప్పు, అంటున్నారు.

అడగలేదు నేస్తం.

అడగమన్నది ఆమెను కాదు. నన్ను.

అలా చూడకండి. చూస్తే చెప్పలేను. అటు కొండ వైపు చూడండి కాసేపు.

బుధవారం వరమ్మ లేదు. మేనకోడలి పురుడని తెల్లారే బస్సెక్కి వెళ్ళిపోయింది. సుక్రు జీపు కోసం బజారుకు వెళ్ళాడు. వార్డులో డాక్టరు గారు, ఈశ్వరమ్మ, గుమ్మంలో నేను. డాక్టరు గారు గడియారం చూసుకుంటున్నారు. షీటులో పేరు చూసి, రత్నా... చూశారా, వద్దనుకుంటూనే పలికేశాను. ఆయన పిలిచారు. పిలిచి నాతో అన్నారు: "మాస్టారూ, గ్యాస్ పాసయిందేమో అడగండి. జాగ్రత్తగా అడగండి. లేదంటే నాతో తీసుకుపోతాను."

జాగ్రత్తగా అడగండి అన్నారు. నేను మరచిపోయానని చెప్పుకోవడానికి కూడా లేదు.

నా తమ్ముడి పెళ్ళాం. నేను పేరు పలకని మనిషి. ఆమెను పట్టుకుని, నీ కింద నుంచి గాలి పోయిందా అని అడగమంటున్నాడు. పరాయి మగవాడి ఎదుట. అడగలేకపోయాను నేస్తం.

ఒక్క పది నిమిషాలు ఆగండి, ఆమె భర్త వస్తాడు, అతను అడుగుతాడు, అనవచ్చు కదా. అనవచ్చు. ఎన్నిసార్లు అనుకున్నానో ఆ మాట, తరువాత. నేను అడగకూడదు, ఇది మా ఆచారం, అని చెప్పినా అర్థం చేసుకునేవాడు. అది కూడా అనలేదు. ఈ కొండల్లో నేను అడగలేని మాట లేదని చెప్పినవాణ్ణి కదా. ఇంగ్లీషులో.

అందుకని గోడకు చెప్పినట్టు, ఒరియాలో, అంతా బాగేనా అన్నాను. ఆమెనని కాదు. గాలిలోకి. వెనక గాజులు కదిలిన చప్పుడైంది. బావ గొంతు వినబడితే ముసుగు సర్దుకోదూ, ఆ చప్పుడు. నాకు తెలుసు అది ఏ చప్పుడో. ఆమె ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటినుంచీ వింటున్నాను.

"ఎస్, డాక్టర్. పాసయింది," అన్నాను.

ఈశ్వరమ్మ రాసింది.

ఆమెకేం తెలుసు? నేను ఒరియాలో ఏదో అన్నాను, అటునుంచి ఏదో చప్పుడైంది, నేను జవాబు చెప్పాను. మాస్టారు చెప్పారు, రాసింది. ఏడో తరగతి దాకా నా దగ్గర చదువుకున్న పిల్ల. నేను చెప్పింది రాయడమే కదా నేర్పాను ఆమెకు.

ఆ సాయంత్రం వరండాలో ఒక్కమాటు అడిగింది. "మాస్టారూ, మీరు సరిగ్గా అడిగినారు గదా? నాను రాసీసినాను మరి. ఆ గుంట మొకం సూత్తే నాకేటో బాలేదు." అని. కోప్పడ్డాను. నేను చెప్పాక మళ్ళీ అడుగుతావా, నీకు తెలుసా నాకు తెలుసా, అన్నాను. తల వంచుకుని పోయింది.

ఇప్పటికీ తల వంచుకునే ఉంది. ఎంక్వైరీ ఆఫీసరు మూడుసార్లు పిలిచాడు. మాస్టారు చెప్పారని ఒక్కమాట అంటే చాలు. అనలేదు. నేను అడిగాను, ఎందుకు చెప్పవే తల్లీ అని. "మీ పేరెలాగ సెప్తాను మాస్టారూ," అంది. అని, జింకు ముద్ద డబ్బా సంచిలో పెట్టుకుని మీ గూడేనికి బయలుదేరింది.

పాపం కడుక్కోవడానికి వస్తోందన్నారు. ఎవరి పాపమో, ఆమె చేత కడిగిస్తున్నది ఎవరో ఇప్పుడు చెప్పండి.

ఏమన్నారు? ఎవరు, మరదలా? ఆమెకు నిజంగానే గాలి పోయిందేమో, ఆ తరువాత చెడిందేమో, అంటున్నారా? నన్ను కాపాడాలని చూస్తున్నారు నేస్తం. నేనూ అలాగే అనుకున్నాను, గురువారం, శుక్రవారం. రైల్లో తెలిసిపోయింది.

బొర్రా స్టేషనులో సుక్రు నీళ్ళకు దిగాడు. బండి కదిలింది, వెనక పెట్టె ఎక్కేశాడు. మా పెట్టెలో నేనూ, బల్ల మీద ఆమె. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సొరంగం వచ్చింది. పెట్టెలో దీపాలు లేవు. నా చెయ్యి నాకు కనిపించలేదు. చీకట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు నేస్తం? నేను తిరిగాను. డాక్టరు అడగమన్న మాటే అడిగాను. బుధవారం నాడు పోయిందా అమ్మా, అని. ఎంత తేలిగ్గా వచ్చిందో నోట్లోంచి! నాలుగు మాటలు. ఒక్క ఊపిరిలో వచ్చేశాయి.

ఆమె మాట్లాడింది. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

"లేదు బావా. నన్నెవరూ అడగలేదు."

ఇంకేదో కూడా అనబోయింది. సొరంగం అయిపోయింది. వెలుతురు వచ్చేసింది. ఆమె కొంగు లాక్కుంది. నేను... నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

అవును. అప్పుడు కూడా.

తిట్టండి. మీ ఒరియా తిట్లు నాకన్నీ అర్థమవుతాయి. చుట్ట ఆరిపోయింది, చూసుకోండి.

ఆఫీసుకు వెళ్ళాను నేస్తం. దాచను. పోయిన మంగళవారం వెళ్ళి, తప్పు నాది, నర్సుది కాదు, అని రాసిచ్చాను. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. ఆ ఎంక్వైరీ ఆఫీసరు కుర్చీ వేసి కాఫీ తెప్పించాడు. చదివాడు. "మీరు పెద్దవారు, దయగల మనిషి, శిష్యురాలిని కాపాడుకోవాలని చూస్తున్నారు. కానీ మీరు స్టాఫ్ కారు కదండీ, మీమీద మేం ఏం చర్య తీసుకోగలం? సంతకం ఎవరిదో వాళ్ళే జవాబుదారీ," అన్నాడు. నా కాగితాలు నాకే ఇచ్చేశాడు. దయగల మనిషిని అట. బయటికి వచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను.

కాబట్టి నన్ను పట్టుకునేవాడు ఎవడూ లేడు. మీరు తప్ప. ఇంటి పెద్ద ముద్ర పడకపోతే ఈ ఫిర్యాదు నిలవదు. ఆయనే అన్నాడు ఆ మాట కూడా. అందుకే వచ్చాను. మీరు కావాలంటే ఈశ్వరమ్మ పేరు కొట్టేసి నా పేరు రాస్తాను, దాని మీద వెయ్యండి. చెల్లదు. చెల్లకపోయినా వెయ్యండి.

ఏమిటి? ఆ గుమ్మంలో మీరే నిలబడి ఉంటే?

మీరు అడిగేవారా అంటున్నారా. నేస్తం, మీరు అడిగేవారు కారు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. చచ్చినా అడిగేవారు కారు. "నాను అడగను, ఆమె నా తమ్ముడి ఆడది," అనేవారు గట్టిగా. సిగ్గుపడకుండా అనేవారు. ఆ డాక్టరు చిరాకుపడి ఇంకెవరినో పిలిచేవాడు. మరదలు బతికిపోయేది. నేను అడిగానన్నాను. మీకూ నాకూ తేడా అక్కడుంది. మీరు పుట్టుకతో బావ. నేను నేర్చుకుని అయిన బావను. పరీక్ష తప్పుతానేమోనని నాకు భయం.

అదేమిటి, కాగితం తీసుకుపోతున్నారు? చూరులో దోపేశారా?

అంటే ముద్ర వెయ్యనట్టేనా? ఈశ్వరమ్మ ఉంటుందా?

తల ఊపారు. సరే. దణ్ణం మీకు.

కూర్చోండి మరి. అలా నిలబడి చూస్తే నాకు... ఏమిటి? మళ్ళీ చెప్పండి.

మాఘమాసంలోనా? అవును, మాఘమాసంలోనే. కాస్త కండ పట్టాక మళ్ళీ పొట్ట తెరుస్తామన్నారు. పేగు లోపల పెట్టి కలిపి కుడతారు. కండ పట్టాలి ముందు. పడుతుందో లేదో, తట్టుకుంటుందో లేదో వాళ్ళకే తెలియదు. అవును, కుట్టిన మూడోనాడు మళ్ళీ అదే మాట అడుగుతారు. గాలి పోయిందా అని. అన్నీ దాని మీదే ఉంటాయి. ఆ విశాఖ వార్డులో ఒరియా వచ్చినవాళ్ళు లేరు. వరమ్మ ముసలావిడ, అంతదూరం రాలేదు. సుక్రు రానంటున్నాడు. ఆ వార్డు గుమ్మం మళ్ళీ తొక్కనన్నాడట.

ఎవరు అడుగుతారంటే... నన్నే వెళ్ళమంటున్నారా? మంచం పక్కన నిలబడి, ఎదురుగా, మొహం చూసి అడగమంటున్నారా? మీరు ఇంటి పెద్దగా సెలవిస్తున్నారా?

నిజం చెప్పమంటారా నేస్తం.

పాకలో ఆమె దగ్గుతోంది. విన్నారా? మేలుకునే ఉంది. ఇంతసేపూ నేను చెప్పిందంతా వినే ఉంటుంది. ఇంతసేపూ నేను ఎటు తిరిగి కూర్చున్నానో చూశారా మీరు? ఆ పాకకు వీపు పెట్టి. కావాలని కూర్చోలేదు. వచ్చి, కర్ర ఆనించి, అలా కూర్చుండిపోయాను.

అడుగుతాను. అడగగలననే అనుకుంటున్నాను.

ఆ బుధవారం కూడా గుమ్మం దాకా అలాగే అనుకుంటూ వెళ్ళాను.